ఖడ్గమృగం తిరిగొచ్చింది, రైతు ఎక్కడికి పోవాలి?

అస్సాంలో బ్రహ్మపుత్ర ఒడ్డున లావోఖోవా, బురాచాపోరి అని రెండు అభయారణ్యాలున్నాయి. ఒకటి 70 చదరపు కిలోమీటర్లు, రెండోది 44. నలభై ఏళ్ల తర్వాత అక్కడ మళ్లీ ఖడ్గమృగాలు అడుగుపెట్టాయని 2024 ఆరంభంలో ఆ రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించుకుంది. ఎవరూ తోలుకురాలేదు, కాజీరంగా వైపు నుంచి అవే నడిచి వచ్చాయి. మంచి వార్తే. కాని దాని వెనక ఇంకో వార్త వుంది. అంతకు ఏడాది ముందు, 2023 ఫిబ్రవరిలో, బురాచాపోరిలో బుల్‌డోజర్లు దిగాయి. దాదాపు 1,900 హెక్టార్లు ఖాళీ చేయించారు. రెండు వేలకు పైబడిన కుటుంబాలు సామాన్లు నెత్తిన పెట్టుకుని బయటికి నడిచాయి. వాళ్లలో అత్యధికులు బెంగాలీ మాట్లాడే ముస్లిం పేద రైతులు.

అస్సాం సంగతి మనకెందుకు అని అడిగేవాళ్లుంటారు. మనకు కావాలి. అడవి మృగం పేరు చెప్పి పేదవాడిని లేపే చట్టం అక్కడా ఇక్కడా ఒకటే. నల్లమల చెంచులను అడగండి, పులుల రక్షిత ప్రాంతమంటే ఏమిటో వాళ్లే చెబుతారు. 2025లో కుమురం భీం జిల్లాలో పులుల దారి పేరిట తెచ్చిన జీవో 49ని, ఆదివాసులు రోడ్డెక్కిన మీదటనే కదా ప్రభుత్వం పక్కన పెట్టింది! పైగా అస్సాం తేయాకు తోటలకు తెల్లదొరలు తోలుకుపోయిన కూలీలలో మన తెలుగువాళ్లూ వున్నారు. వాళ్ల సంతతిని అక్కడ ఇప్పటికీ ‘తెలంగా’లనే పిలుస్తారు.

ఖడ్గమృగాన్ని చంపిందెవరు?

ముందు ఈ లెక్క తేల్చాలి. ఒకప్పుడు ఈ ఒంటికొమ్ము మృగం సింధు నది మొదలు బ్రహ్మపుత్ర దాకా గడ్డి మైదానాల్లో తిరిగేది. దాన్ని తుడిచిపెట్టింది నాగలి పట్టిన రైతేనా? కూచ్ బేహార్ మహారాజు ఒక్కడే 1871 నుంచి 1907 లోపల రెండు వందలకు పైగా ఖడ్గమృగాలను వేటాడాడు. ఆ లెక్కను గొప్పగా పుస్తకంలో రాసుకున్నాడు కూడా. తెల్లదొరలకు ఏనుగు మీదెక్కి వేటకు పోవడం వినోదం. తేయాకు తోటల కోసం అడవులు నరికించిందీ వాళ్లే. చివరికి కాజీరంగాలో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. అప్పుడు అదే దొరతనం 1905లో రక్షిత అడవి ప్రతిపాదన తెచ్చింది. చంపడం దొరలది, కంచె అవతలికి నెట్టించుకోవడం పేదలది! అప్పటి నుంచి ఆ కథ ఇట్లాగే నడుస్తున్నది.

లావోఖోవాలో జరిగింది ఇంకా ఘోరం. 1983లో అస్సాం అట్టుడికిపోయింది. జనం వద్దంటున్నా ఎన్నికలు పెట్టారు. ఆ ఫిబ్రవరి 18న నౌగాం జిల్లా నెల్లీలో ఊచకోత జరిగింది, ఒక్క రోజులో రెండు వేల మంది దాకా చనిపోయారు. కాపలా లేని ఆ అల్లకల్లోలంలోనే అదే జిల్లాలోని లావోఖోవాలో నలభైకి పైగా ఖడ్గమృగాలను కొమ్ముల కోసం చంపేశారు. అభయారణ్యం ఖాళీ అయిపోయింది. మనిషి ప్రాణానికి విలువ లేని చోట మృగం ప్రాణానికి విలువ వుంటుందా? ఈ మాట మేము వూరికే అనడం లేదు. 1980ల చివర బోడో ఉద్యమం సాగిన కాలంలో మానస్‌లోనూ ఇదే జరిగింది. అక్కడున్న వందకు దగ్గరి ఖడ్గమృగాలు ఒక్కటి మిగలకుండా పోయాయి.

కొమ్ము అంటారే, అందులో ఏముందని? మన గోళ్లలో, వెంట్రుకల్లో వుండే పదార్థమే. మందని నమ్మించి చైనా, వియత్నాం అంగళ్లలో బంగారం ధరకు అమ్ముతారు. అడవిలో తుపాకీ పట్టినవాడికి దక్కేది చిల్లర, ప్రాణం పోయేదీ వాడిదే. మధ్యలో చేతులు మార్చే దళారీ మాత్రం నున్నగా బతుకుతాడు. 2021 సెప్టెంబరులో అస్సాం ప్రభుత్వం ఖజానాలోని 2,479 కొమ్ములను బహిరంగంగా తగలబెట్టింది. వాటికి విలువ లేదని లోకానికి చాటడం మంచి పనే, కాదనం. మరుసటి ఏడాది అస్సాంలో ఒక్క ఖడ్గమృగం కూడా వేటగాళ్లకు బలికాలేదు. 2022 లెక్కల్లో ఆ రాష్ట్రంలో దాదాపు 2,900 తేలాయి.

తీసుకొచ్చి వదిలితే చాలదు

మృగాలన్నీ ఒక్క కాజీరంగాలోనే వుంటే ఒక వరద, ఒక రోగం చాలు, అంతా పోతుంది. అందుకని వేరే చోట్లకు పంచాలన్న ఆలోచన వచ్చింది. 1984లో అస్సాం నుంచి అయిదింటిని ఉత్తరప్రదేశ్ దుధ్వాకు తీసుకుపోయారు, మరుసటి ఏడాది నేపాల్ నుంచి నాలుగు వచ్చాయి. 2005లో అస్సాం అటవీ శాఖ, విదేశీ సంస్థలు, బోడోలాండ్ మండలి కలిసి పెద్ద పథకం పెట్టాయి. 2020 నాటికి ఏడు అడవుల్లో మూడు వేల ఖడ్గమృగాలు వుండాలన్నది దాని లక్ష్యం. 2008 నుంచి 2012 లోపల పోబితోరా, కాజీరంగాల నుంచి 18 మృగాలను మానస్‌కు చేర్చారు. 2016లో బురాచాపోరికీ ఒక తల్లిని, పిల్లను తెచ్చి వదిలారు. కొద్ది నెలల్లోనే రెండూ చచ్చిపోయాయి. మత్తుమందు సూది వేసి లారీ ఎక్కించి దింపినంత మాత్రాన అడవి నిండదు.

మానస్‌లోనూ కొన్నింటిని వేటగాళ్లు చంపారు. అయినా మంద నిలిచింది, పిల్లలు పుట్టాయి. ఎందుకు? 2003లో బోడో ఒప్పందం జరిగింది, తుపాకీలు సద్దుమణిగాయి. అడవి అంచు పల్లెల కుర్రాళ్లు సంఘాలు పెట్టుకుని కాపలాకు దిగారు. నిన్నటిదాకా వేటాడిన చేతులే నేడు లాఠీ పట్టి రాత్రిళ్లు గస్తీ తిరిగాయి. 1992లో ప్రమాదపు జాబితాకెక్కిన మానస్‌ను 2011లో యునెస్కో ఆ జాబితా నుంచి తీసేసింది. జనం కాపాడిన అడవే నిలిచింది.

కాజీరంగా దారి వేరు. అక్కడ 2010లో అటవీ సిబ్బంది కాల్పులకు ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇచ్చారు. 2016లో ఏడేళ్ల పసివాడి కాలికి తూటా తగిలి అవిటివాడయ్యాడు. అదే ఏడాది సెప్టెంబరులో ఊళ్లు ఖాళీ చేయించేటప్పుడు పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు.

రైతు అడవిలోకి ఎందుకు పోయాడు?

‘ఆక్రమణదారులు’ అని ఒక్క మాటతో తేల్చేస్తారు. మరి ఆ మనిషి అక్కడికెట్లా వచ్చాడు? 1950 నుంచి ఇప్పటిదాకా బ్రహ్మపుత్ర, దాని ఉపనదులు మింగిన భూమి 4 లక్షల 27 వేల హెక్టార్లని సర్కారు లెక్కే చెబుతున్నది. రాత్రి పడుకున్న చేను తెల్లారేసరికి ఏట్లో కలిసిపోతుంది. ఏరు కోసేసిన భూమికి పట్టా వుంటే మాత్రం ఏం లాభం? లంకల్లో తేలిన కొత్త ఇసుక మేటల్లోకి పోవాలి, లేదంటే అడవి అంచుకు పోవాలి. ఏరు అభయారణ్యాన్నీ కోస్తుంది. కోసినదానికి బదులుగా కాజీరంగాకు కొత్త భాగాలు కలుపుతూ ఊళ్ల మీదికి వస్తారు. రెండు వైపులా నలిగేది రైతే.

2006 అటవీ హక్కుల చట్టం వుంది కదా అంటారు. ఆదివాసులు కానివాళ్లు 75 ఏళ్లుగా, అంటే మూడు తరాలుగా, అక్కడున్నట్టు రుజువు చూపాలి. ఏరు తరిమిన రైతు ఆ కాగితం ఎక్కడ తెస్తాడు? ఆ పైన అతని మతం, భాష అడ్డం పెట్టుకుని ‘పరాయివాడు’ అన్న ముద్ర వేస్తారు. అదే కాజీరంగా అంచున ఆదివాసులు సాగుచేసుకునే నేలలో పెద్ద హోటలు కట్టాలన్న ప్రతిపాదన వస్తే మాత్రం అది అభివృద్ధి! 2024లో దాని మీద అక్కడి జనం నిరసనలకు దిగారు. పేదవాడి గుడిసె అడవికి చేటట, ధనికుడి విడిది గది మేలట.

అయితే ఒక్క మాట దాచకుండా చెప్పుకోవాలి. ఖడ్గమృగానికి తడి గడ్డినేల కావాలి. వరదొస్తే ఎక్కడానికి మెరక కావాలి. ఉన్న గడ్డినంతా దున్నుకుంటే అది బతకదు. అభయారణ్యంలో ఎవరైనా ఎంతైనా దున్నుకోవచ్చని మేము అనం. దాని బతుకు ఖర్చు ఎవరు భరించాలన్నదే మా ప్రశ్న. దేశమంతా గర్వపడే మృగమైతే దేశమంతా భరించాలి. ఒక్క భూమిలేని రైతు నెత్తిన వేస్తే ఎట్లా?

ఏం అడగాలి?

మొదటిది, భూమి చూపించాకే కదిలించాలి. చూపేది సాగుకు పనికొచ్చే భూమి కావాలి. రెండోది, ఏరు కోసిన భూమికి బదులు భూమి ఇచ్చే చట్టం కావాలి. అది లేకుండా ఎన్ని బుల్‌డోజర్లు తిప్పినా రైతు మళ్లీ అక్కడికే వస్తాడు. మూడోది, మృగాలు పాడుచేసిన పంటకు, తీసిన ప్రాణానికి పరిహారం ఆఫీసుల చుట్టూ తిప్పకుండా అందాలి. నాలుగోది, రాత్రంతా అడవిలో కాపలా కాసే దినకూలీ కాపలాదారుకు నెలనెలా జీతం, పర్మనెంటు వుద్యోగం ఇవ్వాలి. అతను కూడా మనలాంటి కూలీయే. అయిదోది, తుపాకీవాడితో సరిపెట్టకుండా కొమ్ము కొన్న దళారీని పట్టుకోవాలి.

నల్లమలలోనైనా, ఆసిఫాబాదులోనైనా మన సంఘాలు ఈ మాట మీదే నిలబడాలి. మృగానికి రైతు శత్రువని చెప్పేవాళ్లు వస్తారు. లావోఖోవాలో 1983లో నలభై ఖడ్గమృగాలను చంపింది కొమ్ముల వ్యాపారం, గాలికొదిలేసిన పాలన. మానస్‌లో వాటిని నిలబెట్టింది అడవి అంచున గుడిసెల్లో బతికే జనం. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపండి. నిజం జనానికి ఇట్టే తెలుస్తుంది.