డబ్బా సర్దుకున్నాం, పదమనేదెవరు?

గాలివానల కాలం వచ్చింది. అక్టోబరు, నవంబరు నెలలంటే కోస్తా జిల్లాల ఆడవాళ్ళకి రోజూ ఉండే చాకిరీ మీద ఇంకో చాకిరీ. అటక మీద వంటచెరకు, పిడకలు తడవకుండా చూడాలి. ఉప్పు, చింతపండు, బియ్యం ఎత్తుగా పెట్టాలి. తాటాకు కప్పు మీద తాళ్ళు వేసి బిగించాలి. రేడియోలోనో ఫోనులోనో 'వాయుగుండం' అన్న మాట వినపడితే చాలు, పొయ్యి మీద ఎసరు వదిలేసి ఆకాశం వంక చూడాలి. ఈ పనులేవీ ఏ సర్వేలోనూ 'పని' కింద లెక్కకి రావు.

పోయిన నెల దివిసీమలో ఒక పల్లెకి వెళ్ళాను. అక్కడ పనిచేస్తున్న ఒక స్వచ్ఛంద సంస్థ, ఇంట్లో ఉన్నవాటితో తుఫాను డబ్బా తయారు చేసుకోవటం గురించి మహిళా సంఘాల సభ్యులకి ఒకరోజు శిక్షణ పెట్టింది. నేను రాసుకోవటానికి వెళ్ళాను. మూత గట్టిగా పట్టే పాత నూనె డబ్బా ఒకటి మధ్యలో పెట్టారు. అందులో ఏమేం పెట్టాలో సంస్థ పిల్లలు ఒక్కొక్కటీ చూపిస్తూ చెప్పారు. ఆడవాళ్ళు శ్రద్ధగా విన్నారు, మధ్యమధ్యలో సరిదిద్దారు కూడా. ఆఖర్న 'ఏమైనా అడుగుతారా' అంటే డెబ్బై ఏళ్ళు దాటిన ఒక పెద్దావిడ నా వైపు తిరిగి అంది: "అన్నీ బానే చెప్పారు అమ్మాయిగారూ. డబ్బా సర్దటం మాకు కొత్తేం కాదు. సర్దుకుని గడప దగ్గర కూచుంటాం. పదండి అనాల్సినోళ్ళు అనొద్దా?"

ముందు అందరూ నవ్వారు. తర్వాత ఎవరూ మాట్లాడలేదు. ఆవిడ 1977 నవంబరు 19 ఉప్పెనని చూసిన మనిషి. ఈ సంచిక సంపాదకీయం ఆవిడ అడిగిన ప్రశ్న గురించే.

ముందు డబ్బా గురించి చెబుతాను. ఎందుకంటే అది చిన్న విషయం కాదు. ఆడవాళ్ళు తరాలుగా పోగుచేసుకున్న జ్ఞానాన్ని 'చిట్కాలు' అని వారపత్రికల్లో ఒక మూలకి నెట్టేయటం మనకి అలవాటైపోయింది. అదే విషయం ఒక నిపుణుడు చెబితే 'విపత్తు సన్నద్ధత' అవుతుంది.

అగ్గిపుల్లల తలల్ని కరిగించిన కొవ్వొత్తి మైనంలో ముంచి, ఆరాక మూత ఉన్న ప్లాస్టిక్ సీసాలో వేస్తే తడిలోనూ పనికొస్తాయి. మైనాన్ని కాస్త గోకి గీస్తే సరి. కాగితాల్ని పాలిథీన్ సంచిలో పెట్టి, అంచుని మడిచి కొవ్వొత్తి మంట పక్కన జాగ్రత్తగా జరిపితే అతుక్కుపోతుంది. ఇంటి దగ్గర పొట్లాలు కట్టి అమ్ముకునే ఆడవాళ్ళకి ఇది రోజువారీ పనే. వరద నీళ్ళలో పొయ్యి మునిగిపోతే ఎత్తు మీదికి తీసుకుపోవటానికి ఒక కుంపటి, నాలుగు బొగ్గులు ఉండాలి. కానీ మూసిన గదిలో కుంపటి వెలిగించకూడదు, ఆ పొగ ప్రాణం తీస్తుంది. వండక్కర్లేని అటుకులు, బెల్లం, పేలాలు, రోజూ వేసుకునే మందులు, ఒక ఈల, గట్టి తాడు, నెలసరి గుడ్డలు డబ్బాలో ఉండాలి. శిక్షణ జాబితాలో నెలసరి గుడ్డలు లేవు. అక్కడున్న ఒక కోడలు పిల్ల సిగ్గుపడుతూనే గుర్తుచేస్తే చేర్చారు.

వరద తర్వాత మనుషుల్ని, ముఖ్యంగా పసిపిల్లల్ని తీసుకుపోయేది విరేచనాలు. ఒక లీటరు శుభ్రమైన నీళ్ళలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కొలిచి కలపాలి. ఉప్పు ఎక్కువైతే పిల్లలకి ప్రమాదం. నోట్లో వేసుకుంటే కన్నీళ్ళకంటే ఉప్పగా ఉండకూడదు. నీళ్ళు కాచి చల్లార్చటమే అన్నిటికన్నా మేలు. కాచే వీలు లేకపోతే, తేటగా ఉన్న నీళ్ళని రంగులేని ప్లాస్టిక్ సీసాల్లో పోసి ఆరు గంటలు ఎర్రటి ఎండలో పడుకోబెట్టాలి. మబ్బుగా ఉంటే రెండు రోజులు. బురద నీళ్ళయితే ముందు వడకట్టుకోవాలి.

ఆ వడకట్టే సంగతి వినండి. పాత నూలు చీరని నాలుగు మడతలు పెట్టి వడకట్టిన నీళ్ళు కలరాని అడ్డుకుంటాయా అని బంగ్లాదేశ్‌లోని మత్లబ్ ప్రాంతంలో పరిశోధకులు పరీక్షించారు. కలరా క్రిమి నీళ్ళలో ఉండే సూక్ష్మజీవుల్ని అంటిపెట్టుకుని ఉంటుంది. ఉతికి ఉతికి పోగులు దగ్గరపడ్డ పాత చీర ఆ జీవుల్ని ఆపేస్తుంది. అలా వడకట్టుకున్న పల్లెల్లో కలరా దాదాపు సగానికి తగ్గిందని 2003లో ప్రకటించారు. కొత్త చీరకంటే పాత చీరే మేలని కూడా తేల్చారు. బిందె మూతికి పాత చీర కట్టి నీళ్ళు వంచుకునే మన అమ్మమ్మలకి ఎవరూ డాక్టరేటు ఇవ్వలేదు. నాకు ఇచ్చారు. మా ఇంట్లో కరెంటు పోతే కొవ్వొత్తి ఎక్కడుందో నేను వెతుక్కోవాలి.

మూత బిగించిన ఖాళీ నీళ్ళ క్యానులు రెండు తాడుతో కలిపి కడితే నీళ్ళలో పట్టుకు తేలటానికి ఆసరా అవుతాయని కూడా ఆ రోజు చూపించారు. అప్పుడు ఆ పెద్దావిడ తల అడ్డంగా ఊపింది. ఆవిడ ఊపింది సరైనదే. నిదానంగా ఎక్కే వరదలో క్యాను పనికొస్తుందేమో. 1977లో దివిసీమ మీదికి వచ్చింది తాటిచెట్టంత అల అని చూసినవాళ్ళు చెబుతారు. అధికార లెక్కల ప్రకారమే పదివేల మంది పోయారు. అంతకంటే చాలా ఎక్కువేనని ఆ ప్రాంతంలో ఎవర్నడిగినా అంటారు. ఉప్పెన ముందు ఏ డబ్బా, ఏ క్యానూ నిలవవు. ఉప్పెన వచ్చేచోట చెయ్యగలిగింది ఒక్కటే. అది రాకముందే వెళ్ళిపోవాలి.

అక్కడే ఆవిడ ప్రశ్న మొదలవుతుంది. వెళ్ళాలని నిర్ణయించేదెవరు?

ఇదే బంగాళాఖాతం అవతలి ఒడ్డున 1991 ఏప్రిల్ 29న తుఫాను వచ్చినప్పుడు బంగ్లాదేశ్‌లో లక్షా ముప్ఫై ఎనిమిది వేల మంది చనిపోయారు. 20 నుంచి 44 ఏళ్ళ మధ్య వయసువాళ్ళలో వెయ్యిమంది మగవాళ్ళకి 15 మంది పోతే, వెయ్యిమంది ఆడవాళ్ళకి 71 మంది పోయారు. నీళ్ళు ఆడా మగా చూసి ముంచవు. హెచ్చరిక బజార్లో మగవాళ్ళకి వినపడింది, ఇంట్లో ఉన్న ఆడవాళ్ళకి ఆలస్యంగా చేరింది. భర్త వచ్చి చెబితేగానీ గడప దాటకూడదనుకున్నారు. పిల్లల్ని, ముసలివాళ్ళని పట్టుకుని పరుగెత్తలేకపోయారు. చీరలు కాళ్ళకి చుట్టుకున్నాయి. పరాయి మగవాళ్ళు కిక్కిరిసిన ఆశ్రయాలకి వెళ్ళటానికి జంకారు. ఇవన్నీ కారణాలని ఆ తర్వాత జరిగిన అధ్యయనాలు చెప్పాయి. వీటిలో ఒక్కటైనా ప్రకృతి వైపరీత్యం ఉందా? అన్నీ మనం ఆడపిల్లని పెంచే పద్ధతిలోనివే.

మన దగ్గర అలా లేదని అనుకోవద్దు. ఇప్పుడు హెచ్చరికలు ఫోనుకే వస్తాయి. ఆ ఫోను ఎవరి జేబులో ఉంటుంది? మగవాళ్ళు వేటకి పోయినప్పుడు ఇల్లు, గేదె, కోళ్ళు, సంఘం అప్పుతో కొన్న కుట్టుమిషను వదిలి వెళ్ళే నిర్ణయం కోడలు తీసుకోగలదా? తుఫాను దారి తప్పి ఏమీ జరక్కపోతే 'ఇల్లు గాలికొదిలి పోయింది' అనే మాట ఎవరు పడాలి? ఆ పల్లెలో నేను మాట్లాడిన ఆడవాళ్ళలో చాలామంది తుఫాను షెల్టరుకి వెళ్ళటానికి భయపడేది గాలికి కాదు, అక్కడ మరుగుదొడ్డి లేకపోవటానికి, రాత్రి దీపం ఉండకపోవటానికి. ఒకమ్మాయి షెల్టరుకి వెళ్ళే ముందు పొద్దున్నుంచీ నీళ్ళు తాగటం మానేస్తానంది. దళితవాడ ఆడవాళ్ళకి ఇంకో భయం కూడా ఉంది. షెల్టరులో ఏ మూల కూర్చోమంటారో, ఎవరు ఏమంటారో అని.

కాబట్టి డబ్బా ఒక్కటే ఇచ్చి చేతులు దులుపుకోవటం సరిపోదు. నాకున్న అనుమానం కూడా ఇక్కడ చెప్పాలి. 'మీ జాగ్రత్త మీరే పడండి' అనే మాట వినటానికి ఆత్మవిశ్వాసంగా ఉంటుంది. కానీ పొదుపు ఆడవాళ్ళే చెయ్యాలి, పారిశుధ్యం ఆడవాళ్ళే చూసుకోవాలి, ఇప్పుడు తుఫాను కూడా ఆడవాళ్ళే చూసుకోవాలి అన్నట్టు తయారైంది వ్యవహారం. బాధ్యత ఇంటికి దిగుతోంది, అధికారం మాత్రం దిగటం లేదు. ప్రభుత్వం తలచుకుంటే ఏం చెయ్యగలదో మన చరిత్రలోనే ఉంది. 1990 మే నెలలో కృష్ణా జిల్లా తీరానికి పెద్ద తుఫాను వచ్చినప్పుడు ఆరు లక్షల మందికి పైగా జనాన్ని ముందే తరలించారు. 1977తో పోలిస్తే ప్రాణనష్టం పదోవంతుకి తగ్గింది. మధ్యలో సముద్రం మంచిదైపోలేదు. హెచ్చరిక చేరింది, బళ్ళు వచ్చాయి, వెళ్ళటానికి కప్పున్న చోటు ఉంది. ఇవేవీ ఏ ఆడమనిషీ నూనె డబ్బాలో సర్దుకోగలిగినవి కావు.

డబ్బాలోని కాగితాల కట్ట గురించి కూడా ఒక మాట. రేషను కార్డు, ఆధారు, బ్యాంకు పుస్తకం, పట్టా. వీటిలో మీ పేరు మీద ఉన్నవి ఎన్ని? 1996 నవంబరు 6న కోనసీమ తుఫానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు. సముద్రంలో ఉన్న ఎంతోమంది మత్స్యకారులు తిరిగి రాలేదు. శవం దొరకని మనిషి చనిపోయినట్టు భావించటానికి చట్టం మామూలుగా ఏడేళ్ళు ఆగమంటుంది. ప్రభుత్వం ప్రత్యేకంగా ఉత్తర్వులిస్తేనే అంతకుముందు పరిహారం. అప్పుడు కూడా ఆ మనిషి ఫలానా పడవలో వెళ్ళాడని, ఈవిడ అతని భార్యేనని రుజువులు కావాలి. పెళ్ళి ఫోటో, పడవ కాగితాల నకలు, ఆ రోజు ఎవరెవరు వేటకి వెళ్ళారో రాసిన ఒక చీటీ కూడా కట్టలో ఉండాలని అందుకే అంటున్నాను. ఇల్లు కూలితే వచ్చే సాయం ఇంటి యజమాని పేరు మీద వస్తుంది. ఇంటి పట్టా ఆడవాళ్ళ పేరు మీద ఉండాలని మనం ఇన్నేళ్ళుగా అడుగుతున్నది తుఫాను డబ్బాలో కూడా పెట్టవలసిన విషయమే.

ఇది పల్లెల సంగతే అనుకునే పట్నం మిత్రులకి రెండు తేదీలు గుర్తుచేస్తాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకినప్పుడు కరెంటు, ఫోన్లు, నీళ్ళు రోజుల తరబడి లేవు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం మునిగినప్పుడు జనం మేడల మీద రోజుల తరబడి చిక్కుకుపోయారు. గ్యాసు పొయ్యి, లిఫ్టు, మోటారు ఉన్న ఇళ్ళలో కూడా పసిపిల్లకి పాలెలా కాచాలన్నది తల్లి తలనొప్పే అయింది.

మరి మనం ఏం చేద్దాం? తీరప్రాంతాల్లో పనిచేసే కార్యకర్తలకి నా సూచనలు ఇవి. డబ్బా శిక్షణ తప్పకుండా పెట్టండి. చెప్పేది మీరు కాకుండా ఊళ్ళో పెద్దవాళ్ళని చెప్పనివ్వండి, మీరు రాసుకోండి. నాట్లప్పుడు చీర ఎలా ఎగ్గడతామో అలా కట్టి పరుగెత్తటం, వీలైతే ఈత కొట్టటం ఆడపిల్లలకి నేర్పించండి. శిక్షణకి మగవాళ్ళని కూడా పిలవండి. డబ్బా సర్దటం వాళ్ళు కూడా నేర్చుకోవాలి. ఆ రోజే సంఘంలో ఒక తీర్మానం రాయించండి. హెచ్చరిక వచ్చిన గంటలో ఎవరి అనుమతి కోసమూ ఆగకుండా ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు బయల్దేరతారని, వేటలో ఉన్న మగవాళ్ళు తిరిగొచ్చి ఆ నిర్ణయాన్ని తప్పుపట్టరని ఊరంతా వేలిముద్రలు వెయ్యాలి. ఇంటింటికీ వెళ్ళి పిలిచే బాధ్యత ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళకి అప్పగించండి. బంగ్లాదేశ్‌లో తుఫాను హెచ్చరికలు మోసే వేలాది స్వచ్ఛంద కార్యకర్తల్లో ఈనాడు సగం మంది ఆడవాళ్ళే. 1991 నేర్పిన పాఠం అది.

ఇక వానలు లేనప్పుడు షెల్టరుకి వెళ్ళి చూడండి. తాళంచెవి ఎవరి దగ్గరుంది? ఆడవాళ్ళకి విడిగా గది, గడియపడే మరుగుదొడ్డి, నీళ్ళు, దీపం ఉన్నాయా? నిండు చూలాలు మెట్లెక్కగలదా? గేదెని కట్టెయ్యటానికి చోటుందా? లేనివన్నీ రాసి గ్రామసభలో పెట్టండి, మండల కార్యాలయంలో ఇచ్చి రశీదు తీసుకోండి. ఆ రశీదు నకలుని కూడా పాలిథీన్ సంచిలో వేసి డబ్బాలో పెట్టండి.

మీ ప్రాంతంలో ఆడవాళ్ళు గాలివానకి, వరదకి, కరువుకి ఏమేం చేసుకుంటారో, షెల్టర్లలో మీరు ఏం చూశారో మాకు రాయండి. వచ్చే సంచికలో వేస్తాం. ఆ పెద్దావిడకి నేనింకా జవాబు చెప్పలేదు. నవంబరు 19న మళ్ళీ ఆ ఊరు వెళుతున్నాను. తీర్మానం రాయటానికి సంఘం ఆ రోజే కూర్చుంటోంది. మొదటి వేలిముద్ర ఆవిడదే కావాలని మిగతావాళ్ళు అప్పుడే అనుకున్నారు.