పిడికిలి నిజమైనచో పలుకు కల్ల కావలెనా?

ఇటీవల మా పై తరగతుల విద్యార్థులలో నొక వాదము పుట్టినది. పోరాటములు ప్రధానముగాఁ గల చలనచిత్రమున నాయకపాత్రను నటుఁడు ధరింపవలెనా, నిజముగాఁ బోరు నేర్చినవాఁడు ధరింపవలెనా యని వారి ప్రశ్న. ఇది వినోదమునకుఁ జెందిన చిన్నమాటగాఁ దోఁచినను, విద్యకుఁ జెందిన పెద్దమాట యిందు నిమిడియున్నదని మా యభిప్రాయము.

అమెరికా దర్శకుఁడు స్టీవెన్ సోడర్‌బర్గ్ తీసిన 'హేవైర్' అను చిత్రము 2012 జనవరిలో విడుదలయ్యెను. అందలి నాయిక జీనా కరానో. ఈమె పేరు పొందినది నటనచేఁ గాదు, మిశ్రమ యుద్ధక్రీడచేత. 2009 ఆగస్టు 15వ తేదీన శాన్ హోసే నగరమున క్రిస్టియన్ శాంటోస్ అను నామెతోఁ బోరి, అయిదు నిమిషముల మొదటి రౌండు ముగియుట కొక్క సెకండు ముందు ఓడిపోయెను. ఓడినయామె నాయిక యగుట వింతగాఁ దోఁపవచ్చును. గాని గెలుపోటములు వేఱు, నేర్చిన విద్య వేఱు.

పోరు నేర్వని నటుఁడు నటించునపుడు, దెబ్బ తగులు క్షణమున దృశ్యమును త్రుంచి, వేఱొకటి యతికించి, వాద్యఘోషచే లోపమును గప్పుట వాడుక. ఈ చిత్రమున డబ్లిన్ నగరపు హోటలుగదిలో నామెకును మైఖేల్ ఫాస్‌బెండర్‌కును జరుగు పోరున నట్టి మాటు లేదు. దేహమంతయుఁ గనఁబడునట్లు చూపిరి. సంగీతము లేదు, దెబ్బల చప్పుడే వినవచ్చును.

రాజు వేషమునకు రాజే కావలెనా యని కొందఱు విద్యార్థు లడిగిరి. సరియైన ప్రశ్నయే. ఫాస్‌బెండర్ యోధుఁడు కాకున్నను ఆ గదిలో నామెకు దీటుగా నిలిచెను. కావున యోధులే కావలెనని మేము నియమము పెట్టము. అయినను దుఃఖమును గోపమును అందఱి హృదయములందును గొంత కలవు. ఏండ్లతరబడి సాధనచే దేహమునఁ గుదిరిన విద్యను కొన్ని వారములలో నరువు తెచ్చుకొనుట కష్టము.

అయితే మా మనస్సును నొప్పించిన సంగతి యొకటి కలదు. చిత్రీకరణ ముగిసిన పిమ్మట జీనా కరానో కంఠస్వరమును మార్చివేసిరి. పిడికిలి నిజమైనదే కావలెనని కోరినవారు, పలుకు మాత్రము నిజమైనది వలదనిరి!

యోధులకు నటన రాదందురా? 2017వ సంవత్సరమున సుధా కొంగర దర్శకత్వమున వచ్చిన 'గురు' తెలుగు చిత్రమును జూడుఁడు. వెంకటేశ్ గురువుగా నటింప, ముష్టియుద్ధము నేర్చు బాలికగా నటించిన రితికా సింగ్ నిజముగాఁ గిక్‌బాక్సింగు నేర్చిన క్రీడాకారిణి. దీని తమిళ మూలమునందలి నటనకు నామెకు జాతీయ చలనచిత్ర పురస్కారములలోఁ బ్రత్యేక ప్రస్తావన లభించినది.

ఉపాధ్యాయులమైన మేమును తప్పు చేయకపోలేదు. ఒక వార్షికోత్సవ నాటకమున, ఆటలలో మేటియైన యొక బాలునకు భీముని వేషమిచ్చితిమి. వాఁడు చదువునపుడు తడబడునని, మాటలను తెఱవెనుక నింకొకనిచేఁ బలికించితిమి. నాటకము రక్తికట్టినది, కరతాళములు మ్రోగినవి. ఆ బాలుఁడు మాత్రము మరల నెన్నఁడును వేషము కోరలేదు.

కావున మా తీర్పిది. యోధునకు నాయకపాత్ర నిండు. ఇచ్చినపుడు పలుకుటయు నేర్పి, వాని పలుకునే వినిపింపుఁడు. నేర్పుటకుఁ గాలము పట్టును. ఆ కాలము నిచ్చుటయే దర్శకునకైనను గురువునకైనను ధర్మము.