గరిటె చేసిన నేరమేమిటి?

"చెంచాతో మందు కొలిచి తూటా నింపుకునేవాడు నాటుమనిషి, నాగరికుడు తూచి వేస్తాడు" అని ఒక మిత్రుడు తన టపాలో తీర్పు చెప్పారు. దానికి మరొక మిత్రుడు "మా తాతగారికి ఆ చెంచా కూడా అక్కరలేదండీ, అరచేతిలో పోసుకుంటే చాలు, లెక్క చేతికే తెలిసేది" అని వ్యాఖ్య వ్రాశారు. ఆ వ్యాఖ్య క్రింద జేజేలు కొట్టినవారు డజను మంది. మొదటివారి మీద నాకు కొంచెం కోపం వచ్చింది. రెండవవారి మీద చాలా వచ్చింది. వ్యాఖ్యల పెట్టెలో ఇమడని కోపం కనుక ఇక్కడ వ్రాస్తున్నాను.

(మందు అనగానే వేరే సీసా తలచుకునే మిత్రులు క్షమించాలి. ఇది తుపాకిమందు.)

విషయం ఎరుగని వారికోసం రెండు మాటలు. అమెరికాలో వేటకో, గురి సాధనకో రైఫిలు వాడేవారిలో చాలామంది కాల్చిన తూటాల ఇత్తడి గుల్లలను పారవేయరు. ఆ గుల్లకు కొత్త టోపీ బిగించి, కొలిచిన మందు పోసి, కొత్త గుండు కూర్చి మళ్ళీ వాడుకుంటారు. మన దేశంలో ఈ పని ఇంట్లో కూర్చుని చేసుకునేది కాదు. 1959 నాటి ఆయుధ చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకిని గాని తూటాను గాని తయారు చేయడం నేరం. కాబట్టి దీనిని చదివి ఎవరూ పెరట్లో ప్రయోగాలు మొదలుపెట్టవద్దు. నేను మాట్లాడుతున్నది కొలతను గూర్చి. కొలత విషయంలో మనవాళ్ళ అహంకారం ఎంతటిదో, అజ్ఞానం కూడా అంతటిదే.

రిచర్డ్ లీ అనే అమెరికన్ 1958లో ఒక చిన్న పెట్టెను అమ్మకానికి పెట్టాడు. ఒక సుత్తి, ఆ పెట్టెలోని నాలుగైదు ఇనుప ముక్కలు, ఒక చిన్న గరిటె ఉంటే తూటా నింపుకోవచ్చు. తరువాత అదే కంపెనీ పసుపుపచ్చని ప్లాస్టిక్ గరిటెలు పదిహేను ఒక జట్టుగా చేసింది. అన్నిటికన్నా చిన్నది 0.3 ఘన సెంటీమీటర్లు, పెద్దది 4.3. జతగా ఒక అట్టముక్క ఇస్తారు. ఏ మందు ఏ గరిటెతో ఎన్ని గ్రెయిన్లు తూగుతుందో దాని మీద ఉంటుంది. మా మొదటి మిత్రుడు నాటుతనమన్నది దీనినే.

ఈ గరిటెను వాడే తీరు చదివినప్పుడు నాకు నవ్వు వచ్చింది. మందును లోతైన గిన్నెలో పోయాలి. గరిటె నోరు పైకి ఉంచి నిలువుగా మందులోకి దింపాలి. మందు తనంత తానే గరిటెలోకి జారి నిండాలి. తోడకూడదు, అదమకూడదు, కుదపకూడదు. పైన నిలిచినదానిని అట్టముక్కతో అంచుకు సమంగా తోసివేయాలి. ఇది మా అవ్వ సోలతో బియ్యం కొలిచిన తీరు కాదా! కొలిచేటప్పుడు సోలను నేలకు కొడితే ఒక లెక్క, కొట్టకపోతే ఒక లెక్క. పైన గోపురం నిలిపితే ఒక లెక్క, అరచేత్తో తీసివేస్తే ఒక లెక్క. అప్పు ఇచ్చేటప్పుడు ఎలా కొలిచారో తిరిగి పుచ్చుకునేటప్పుడూ అలాగే కొలవాలన్నది మా వీధిలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన న్యాయం. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అని మనం బట్టీ పట్టినది పైలెక్క మాత్రమే. దాని వెనుక ఈ చేతి క్రమశిక్షణ ఉన్నది. మనం లెక్క మరచిపోయాము, దానితోపాటు క్రమశిక్షణను కూడా.

ఇక తూకం గొప్పదా, గరిటె గొప్పదా? నా దృష్టిలో ఆ ప్రశ్నే తప్పు. గరిటె పరిమాణాన్ని చెబుతుంది, త్రాసు బరువును చెబుతుంది. రైఫిలు తూటాలో పట్టే మందు సాధారణంగా రెండు మొదలు నాలుగు గ్రాముల లోపు. దానిని గ్రెయిన్లలో లెక్కిస్తారు. ఒక గ్రాముకు 15.43 గ్రెయిన్లు. పేరు దగ్గరగా ఉన్నది కదా అని గ్రెయినును గ్రాముగా చదివేవారికి ఈ విద్య తగదు. మన కొలతలు తెలిసినవారికి ఇది కొత్త కాదు. 1835 నాటి వెండి రూపాయి బరువు సరిగ్గా 180 గ్రెయిన్లు. తులం అన్నా, రూపాయెత్తు అన్నా అదే. తులానికి 96 గురిగింజల ఎత్తు. అంటే 30 గ్రెయిన్ల మందు లెక్క ప్రకారం పదహారు గురిగింజల ఎత్తు. మన కంసాలి చిన్న త్రాసులో ప్రతిరోజూ తూచినది అంతటి సన్నని బరువునే.

ఆ త్రాసు గరిటెకు శత్రువు కాదు. మంచి పనివాడు గరిటెతో పది కొలతలు తీసి త్రాసులో వేసి చూస్తాడు. పదీ ఒకటిగా తూగితే అతని చేయి కుదిరినట్లు. కుదరకపోతే తప్పు చేతిదో, మందుదో వెదుకుతాడు. మందులన్నీ ఒక్క తీరున పారవు మరి. గుండ్రని రేణువుల మందు సగ్గుబియ్యంలా జారి గరిటె మూలలన్నీ నింపుతుంది. పుల్లల్లాంటి రేణువుల మందు సేమ్యాలా అడ్డదిడ్డంగా పడి మధ్య మధ్య ఖాళీలు వదులుతుంది. మొదటిదానికి గరిటె చాలు. రెండవదానికి గరిటెతో కొంచెం తక్కువగా పోసి, మిగిలినది త్రాసు మీద చిటికెతో రాల్చి సరిచూసుకోవాలి. పంకా గాలికే అంకె మార్చే చౌకరకం ఎలక్ట్రానిక్ త్రాసును నమ్మి, గుల్లలోకి ఒక్కసారి తొంగి చూడనివాడికంటే ఈ గరిటెవాడే నాకు నాగరికుడుగా కనిపిస్తాడు. గుల్లలన్నీ చెక్కలో వరుసగా నిలబెట్టి, దీపం పట్టి, అన్నిటిలో మందు ఒకే ఎత్తున ఉన్నదా అని అతడు చూస్తాడు. ఒకదానిలో రెండు గరిటెలు పడితే తుపాకి పగులుతుంది. ఒకదానిలో అసలు పడకపోతే టోపీ దెబ్బకు గుండు గొట్టంలో ఇరుక్కుంటుంది, మరుసటి గుండు దానికి తగిలి గొట్టం చీలుతుంది. పోసే ముందు ఎంత సన్నగా తూచినా ఈ రెండు తప్పులనూ పట్టేది కన్నే.

ఇంతవరకు మొదటి మిత్రునికి. ఆయన పొరపాటు చిన్నది. తూకం మంచిదే అన్నారు, గరిటె చెడ్డదనడంలోనే తొందరపడ్డారు.

అరచేతి మిత్రుని సంగతి వేరు. ఆయన తాతగారి మీద నాకు గౌరవమే. కానీ ఆ తాతగారు వాడినది నల్లమందు. సురేకారం, గంధకం, బొగ్గు కలిపి నూరినది. దాని గుణం ఏమిటంటే, కాస్త ఎక్కువైనా తక్కువైనా పెద్ద తుపాకి చాలావరకు ఓర్చుకుంటుంది. అందుకే శతాబ్దాల పాటు లోకమంతా దానిని గొట్టంతో, కొమ్ముతో, గరిటెతో కొలిచింది. ఆ ఓర్పును మనవాళ్ళు తమ చేతి గొప్పతనం అనుకున్నారు.

పందొమ్మిదవ శతాబ్దం చివర ఆ భ్రమ ఎంత ఖరీదైనదో తేలింది. 1860లలో పొగ తక్కువగా వచ్చే షుల్ట్జ్ మందు వంటివి వచ్చినప్పుడు, పాత కొలగొట్టాలతోనే కొలుచుకునే వీలు ఉండాలని వాటిని బొద్దుగా తయారు చేశారు. నల్లమందు గొట్టానికి ఎంత పట్టేదో ఇదీ అంతే పట్టేది, పని కూడా ఇంచుమించు అంతే చేసేది. 1887లో నోబెల్ బాలిస్టైట్ వంటి దట్టమైన మందులు వచ్చాయి. వీటికి కొద్దిపాటి బరువే చాలు. పాత గొట్టం నిండా ఈ కొత్త మందు పోసినవారి తుపాకులు పగిలాయి. గొట్టం మారలేదు, చేయి మారలేదు, అలవాటు మారలేదు. డబ్బాలోని పదార్థం మారింది, అంతే. ఆ గందరగోళపు శేషం నేటికీ ఉన్నది. షాట్‌గన్ తూటాల పెట్టెల మీద అచ్చువేసే "డ్రామ్ ఈక్వివలెంట్" అన్న అంకె లోపలి మందు బరువు కాదు. అంత నల్లమందు వేస్తే వచ్చే వేగానికి ఇది సమానమని దాని భావం. దానిని బరువుగా నమ్మి కొలవడం ఆత్మహత్యాప్రయత్నం.

"చేతికే తెలుస్తుంది" అనేవారికి నా జవాబు ఇదే. చేతికి తెలిసేది నిన్నటి మందు. నేటి మందు సంగతి చేతికి ఎవరు చెబుతారు?

మా దొరవారిసత్రం ప్రాంతంలో నల్లమందు తుపాకులను నేను ఎరుగుదును. పొలాల్లో అడవిపందులను బెదరగొట్టడానికి లైసెన్సు తుపాకి ఉంచుకున్న ముసలాయన ఒకరు ఉండేవారు. ఆయన మందు బుర్రకు దారంతో ఒక వెదురు గొట్టం కట్టి ఉండేది. బొటనవ్రేలంత పొడవు, అడుగున కణుపు. దానిని నిండా పోసి బొటనవ్రేలితో పైభాగం తుడిచి తుపాకిలో వంచేవారు. ఆ గొట్టం ఎవరికీ ఎరువు ఇచ్చేవారు కాదు. ఇంకొకరి మందు తన తుపాకిలో పోసేవారు కాదు. "వాడి మందు వాడి గొట్టానికి, నా మందు నా గొట్టానికి అబ్బాయా" అనేవారు. నూరిన మెత్తదనం మారితే మందు బలం మారుతుందని ఆయనకు తెలుసు. చదువు లేని ఆ మనిషి అరచేతిని నమ్మలేదు. ఆయన మనుమలెవరైనా నేడు అంతర్జాలంలో "మా తాత అందాజుగా పోసేవాడు" అని వ్రాస్తారేమోనని నా భయం.

వేట పోయినందుకు నాకు విచారమేమీ లేదు. మా మండలంలోని నేలపట్టు చెరువును 1976లో పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. గూడబాతులు నేటికీ అక్కడ పిల్లలను పెంచుతున్నాయి. వాటి రెట్ట కలిసిన చెరువు నీరు పైరుకు బలమని చుట్టుప్రక్కల రైతులు వాటిని తామే కాపాడుకుంటూ వచ్చారు. తుపాకులు పోవలసినవే. కొలత జ్ఞానం కూడా వాటితోపాటు ఎందుకు పోవాలి?

పోతే ఏమవుతుందో మా నెల్లూరు సీమ రైతును అడగండి. (2022 ఏప్రిల్ నుండి మా ఊరు తిరుపతి జిల్లాలోనిది, కానీ పుట్టి మాత్రం ఇంకా నెల్లూరుదే.) ఒకప్పుడు పుట్టి అంటే కొల్చే కొలత. కుంచాలు, తూములు కలిసి పుట్టి అయ్యేది. నేడు మా ప్రాంతంలో పుట్టి వడ్లు అంటే 850 కిలోలు. కొలత పోయి తూకం వచ్చింది కనుక మోసం పోయిందా? తేమ అని, తరుగు అని, తాలు అని 850 మీద మరికొంత లాగడం ఇక్కడ అందరూ ఎరిగిన కథే. కుంచం రోజుల్లో కొలిచేవాడు కుంచాన్ని కుదిపితే రైతు చేయి పట్టుకునేవాడు, ఎందుకంటే కుదుపు కంటికి కనిపించేది. కాటా మీద అంకె కనిపిస్తుంది, ఆ అంకెను ఎలా పుట్టించారో కనిపించదు. కనుక మొదటి మిత్రుడు తూకమే నాగరికత అన్నప్పుడు నాకు వడ్ల రాశి ప్రక్కన తల గోక్కుంటున్న మా రైతు గుర్తుకు వచ్చాడు.

మందు దగ్గర ఇది డబ్బు మాట కాదు, ప్రాణాల మాట. మా ఊరికి తూర్పున పులికాట్ దాటితే శ్రీహరికోట. రాకెట్టు ఎగిరితే మిద్దె మీదికి పోయి చూస్తాము. అక్కడ ఘన ఇంధనాన్ని ఎవరూ చెంచాలతో కొలవరు. అయినా 2004 ఫిబ్రవరి 23న ఆ ఇంధనపు కర్మాగారంలో మంటలు లేచి ఆరుగురు చనిపోయారు. ఉత్తమమైన సాధనం కూడా మందును మచ్చిక చేయలేదని చెప్పడానికి ఆ ఆరుగురు చాలు. 2025 ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో బాణసంచా తయారీకేంద్రం పేలి ఎనిమిది మంది చనిపోయారు. అటువంటి చోట్ల రోజుకూలికి మందు కలిపి నింపే ఆడవాళ్ళను, మగవాళ్ళను గూర్చి మనం ఏమంటాము? "వాళ్ళకు అలవాటే" అంటాము. అరచేతి మిత్రుని మాట అక్కడికి చేరేసరికి ఇంతగా క్రూరమవుతుంది. అలవాటును విద్య అని పొగిడితే, ఆ కూలివానికి ఇవ్వవలసిన కొలపాత్ర, త్రాసు, డబ్బా మీద పేరు, ఎడంగా కట్టిన గది ఏవీ ఇవ్వనక్కరలేదు. పొగడ్త ఖర్చు లేనిది కదా!

అందుచేత అరచేతి మిత్రునికి ఒక విన్నపం. మీ తాతగారి తుపాకి, మందు బుర్ర ఇంట్లో ఉన్నాయని మీరే వ్రాశారు. ముందు తుపాకికి లైసెన్సు ఉన్నదో లేదో చూసుకుని, లేకపోతే స్టేషనులో అప్పగించే సంగతి ఆలోచించండి. బుర్రలో మందు మిగిలి ఉంటే ముట్టుకోవద్దు, ఆ మాట కూడా వారికే చెప్పండి. ఆ తరువాత బుర్రకు కట్టిన దారం చివర ఏమైనా వ్రేలాడుతున్నదేమో చూడండి. వెదురు ముక్కో, కొమ్ము ముక్కో, పాత ఇత్తడి గుల్లో కనిపిస్తే దాని ఫోటో తీసి మీ తరువాతి టపాలో పెట్టండి.