చలికి మొద్దుబారే కాపలాదారు

మొన్న సంక్రాంతికి మొగల్రాజపురంలో పెద్దమ్మ ఇంటికి వెళ్లేసరికి ఆవిడ కంగారుగా ఉంది. రోజూ రాత్రి షికాగోలోని కొడుకు ఇంటి గుమ్మాన్ని ఫోన్లో చూసుకుని గానీ పడుకోదు. ఆవేళ బొమ్మ రాలేదు. 'వాడూ ఫోనెత్తడం లేదు. దొంగలు గానీ పడ్డారంటావా?' అని ఒకటే దిగులు. గంట తర్వాత అన్నయ్యే ఫోన్ చేశాడు. దొంగా లేడు, దొరా లేడు. గుమ్మం దగ్గరి కెమెరా బ్యాటరీ చలికి పడుకుందట!

వీడియో బెల్లు, అంకెల తాళాలు, చిన్న కెమెరాలు ఇప్పుడు బెజవాడ అపార్ట్‌మెంట్లలోనూ కనిపిస్తున్నాయి. వైరు లేనివాటికి బ్యాటరీయే ప్రాణం. అందులో కరెంటు పుట్టేది రసాయన చర్యతో. చలి పెరిగేకొద్దీ ఆ చర్య మందగిస్తుంది. డిసెంబరు పొద్దున కొబ్బరినూనె పేరుకుపోతుంది చూడండి, అలాగన్నమాట. సీసాలో నూనె ఉంటుంది, చేతిలోకి రాదు. కాస్త వేడి తగిలితే మళ్లీ మామూలే.

అసలు చిక్కు ఛార్జింగుతో. సున్నా డిగ్రీల కన్నా తక్కువ చలిలో లిథియం బ్యాటరీని ఛార్జ్ చేస్తే లోపల లిథియం పొరలా పేరుకుంటుంది. ఆ నష్టం తిరిగి పూడదు. అందుకే చాలా పరికరాలు ఆ చలిలో ఛార్జింగే తీసుకోవు. షికాగోలో 2019 జనవరి 30న మైనస్ 30 డిగ్రీలు దాటింది. అలాంటిచోట బ్యాటరీని ఇంట్లోకి తెచ్చి, చల్లదనం పోయాకే ఛార్జ్ చేయాలి. అదనంగా ఇంకోటి ఉంచుకుంటే మరీ మంచిది.

మరి మన సంగతి? జనవరి తెల్లవారుజామున కూడా బెజవాడలో పదిహేను, పదహారు డిగ్రీలుంటే మహా చలి. ఆ మాత్రానికి బ్యాటరీ పడుకోదు. ఇక్కడ దాని శత్రువు మే నెల ఎండ. చలికి తగ్గిన బలం తిరిగొస్తుంది, వేడికి తగ్గిన ఆయుష్షు రాదు. కాబట్టి పడమటి ఎండ నేరుగా తగిలే గేటుకు కాకుండా సన్‌షేడ్ కింద కెమెరా బిగించండి. ఛార్జింగు నీడపట్టున పెట్టండి. తాళంలో పెన్సిల్ సెల్స్ మార్చేటప్పుడు అన్నీ ఒకేసారి మార్చండి, పాతా కొత్తా కలపొద్దు.

పండక్కి ఊరెళ్లేముందు ఛార్జింగు చూసుకోండి. అయినా బొమ్మ ఆగిందంటే దొంగ పడ్డాడని కాదు, అలాగని అంతా క్షేమమనీ కాదు. వెళ్లి చూసి చెప్పే మనిషి కావాలి. పక్కింటివాళ్ల నంబరు దగ్గరుంచుకోండి, పోలీస్‌స్టేషన్లోనూ ఒక మాట చెప్పి వెళ్లండి.

పెద్దమ్మ ఇప్పుడు అన్నయ్య పక్కింటావిడ నంబరు క్యాలెండరు మీద రాసుకుంది. ముందు షికాగోలో ఎన్ని డిగ్రీలో చూసి, తర్వాతే కెమెరా చూస్తోంది. బొమ్మ రాకపోతే, 'పాపం, దానికీ చలేసిందేమో' అంటోంది.