అడుగు పడనప్పుడు పది గుంటలు చాలు

పైన వీడియోలో జీవామృతం కలిపే పద్ధతి చూపించిన. ఈసారి అసలు చెప్పాలనుకున్నది మాత్రం వేరే ముచ్చట.

పోయిన నెల బేల దిక్కు నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసిండు. ఐదెకరాల నల్లరేగడి, అంతా పత్తే. "అన్నా, నీ వీడియోలన్నీ చూసిన. పాలేకర్ గారివి చూసిన. చూసినంతసేపు పానం లేచొస్తది. ఫోన్ పక్కన పెడితే మళ్లీ మంచంలనే. రెండేండ్ల సంది గిట్లనే ఉన్న" అన్నడు. ఏం చెప్పాల్నో వెంటనే తోచలేదు. ఎందుకంటే వీడియోలు పెట్టేటోన్ని నేనే.

నాకూ ఆ మంచం తెలుసు. గులాబీ రంగు పురుగు పడ్డ ఏడు, కాయ చూస్తే బాగనే ఉండె, పగలగొడితే లోపల ఏమీ లేదు. ఆ తర్వాత నాలుగు నెలలు నేను చెలక మొహం చూడలే. వచ్చినోళ్లందరూ హిమ్మత్ చెయ్యి అనేటోళ్లు. హిమ్మత్ అంగట్ల దొరికేదైతే కిలోల లెక్కన తెచ్చుకుంటుంటిమి కదా!

నా అభిప్రాయం ఏందంటే, హుషారు వచ్చినంక పని మొదలుపెడదాం అనుకుంటే అది రాదు. పని కొంచెం నడిచినంక, వెనుక నుంచి వస్తది. మా ఇంట్ల అయితే అవ్వ వల్ల మొదలైంది. "చెలకకు పోకు, మంచిదే. దొడ్ల పెండ తీయడానికి నేను వంగలేకపోతున్న, అదన్న తియ్యి" అన్నది. అంతే. ధైర్యం చెప్పలేదు, తిట్టలేదు. పెండ తీసినంక దాన్ని ఏం చేద్దాం అని డ్రమ్ము దిక్కు చూసిన.

సుభాష్ పాలేకర్ గారిని మనం 2016లో పద్మశ్రీ వచ్చిన మనిషిగా చూస్తం. అంతకుముందు కథ చూడం. ఆయనది అమరావతి జిల్లా బెలోరా. పెన్‌గంగ దాటితే యవత్మాల్, దాని అవతలనే అమరావతి. అక్కడా నల్లరేగడే, పత్తే. వ్యవసాయ చదువు చదివి 1972 నుంచి మందులతోనే సాగు చేసిండు. 1985 దాకా దిగుబడి పెరిగింది, ఆ తర్వాత పడిపోసాగింది. నేర్చుకున్న లెక్క ప్రకారం అన్నీ చేస్తున్నా పంట వెనక్కి పోతుంటే మనిషికి ఎట్లుంటదో పత్తి రైతుకు చెప్పనవసరం లేదు. అప్పుడు ఆయన 1986 నుంచి 88 దాకా అడవిలో చెట్లు ఎరువు లేకుండ ఎట్ల పెరుగుతున్నయో చూసుకుంట తిరిగిండు. 1989 నుంచి 95 దాకా సొంత పొలంల ప్రయోగాలు. నాకు అవార్డు కంటే ఆ మూడేండ్ల అడవి ముఖ్యం. చూసేటోళ్లకు అది ఖాళీగ తిరుగుడే కదా.

(ఆయన మాటలన్నీ నేను ఒప్పుకుంటనని కాదు. జీరో బడ్జెట్ అనే పేరు నాకు నచ్చదు. డ్రమ్ము కలిపే చేతికి కూలి లేదా?)

బేల తమ్ముడికి చెప్పింది ఇదే. ఐదెకరాల గురించి ఆలోచించకు. పది గుంటలు తాడు కట్టి గీత గియ్యి. ఎకరానికి 200 లీటర్లు అంటం కాబట్టి పది గుంటలకు 50 లీటర్లు చాలు. 50 లీటర్ల నీళ్లు, రెండున్నర కిలోల నాటు ఆవు పెండ, రెండున్నర లీటర్ల మూత్రం, అరకిలో బెల్లం, అరకిలో శనగపిండి, మందులు పడని గట్టు మీది మట్టి పిడికెడు. నీడకు పెట్టి 48 గంటలు పొద్దున, సాయంత్రం కట్టెతో తిప్పాలె. వారంలోపు వాడెయ్యాలె. ఇందులో నాకు నచ్చేది ఆ తిప్పుడు. మనసు బాగున్నా బాగాలేకున్నా పొద్దున లేసి పోవాలె, లేకుంటే కంపు కొడుతది.

ఒక మాట దాచను. పది గుంటలు అప్పు తీర్చవు. మొదటి ఏడు దిగుబడి తగ్గినా తగ్గచ్చు. అప్పు ఎంతున్నదో ఇంట్ల కూసోని కాయితం మీద రాసుకోవాలె, ఆడోళ్ల ముందే. జగిత్యాల, సిరిసిల్ల దిక్కు మగమనిషి గల్ఫ్‌ల ఉంటే పొలం అప్పులన్నీ చూసేది ఆమెనే. మంచంల పడుకునే అవకాశం కూడ ఆమెకు లేదు. ఇంకోటి, వారాల తరబడి నిద్ర, తిండి లేకుండ, బతుకు మీదనే విరక్తి వస్తే అది సోమరితనం కాదు, డ్రమ్ముతో పోయేదీ కాదు. 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్. పైసలు పడవు, తెలుగుల మాట్లాడుతరు. ఈ సంగతి కూడ ఆ తమ్ముడిని సూటిగనే అడిగిన. "అంత దూరం లేదన్నా" అన్నడు. నంబరు మాత్రం రాసుకున్నడు.

మొన్న ఆదివారం మళ్లీ ఫోన్ చేసిండు. "అన్నా, పైన నురగ వస్తున్నది, పాడైందా?" అని. పాడు కాలేదు తమ్మీ, పులుస్తున్నది, గోనెసంచి కప్పు అన్న. బెల్లం కొంచెం ఎక్కువ పడ్డదట.