సేవ ఒక పద్దు, నమ్మకం ఇంకో పద్దు

కుష్టు రోగులకు సేవ చేసిన మిషనరీల ప్రస్తావన వస్తే మా ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్ తెలుగువాళ్ళలో రెండు వాదనలే వినిపిస్తాయి. "దేవుడి మీద నమ్మకం లేకపోతే అంత సేవ ఎవరు చేస్తారు?" అని ఒకరు. "అదంతా మతమార్పిడికి వేసిన ఎర" అని ఇంకొకరు. హేతువాదులం కాబట్టి రెండోదానికి తొందరగా తలూపుతాం. అది సబబు కాదని నా అభిప్రాయం.

నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి సంగతే చూడండి. మెథడిస్టు మిషనరీ జార్జ్ కెర్, ఆయన భార్య డాక్టర్ ఇసబెల్ కెర్ 1907లో మన దేశానికి వచ్చారు. 1915లో డిచ్‌పల్లిలో కుష్టు ఆసుపత్రి పెట్టారు. దానికి పెద్ద విరాళం ఇచ్చింది నర్సాగౌడ్ అనే హిందువు. ఊరు వెలివేసిన మనుషులను అక్కడ చేరదీశారు, అప్పట్లో ఉన్న చాల్‌మూగ్రా నూనెతో వైద్యం చేశారు. 1932లో చనిపోయేదాకా ఇసబెల్ ఆ పని వదల్లేదు.

నేను రక్షణ శాఖ లెక్కల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఒక పద్దులో పడాల్సిన జమను ఇంకో పద్దులో చూపిస్తే ఆడిట్ ఒప్పుకోదు. కెర్ దంపతుల సేవ వాళ్ళకే జమ. దాన్ని దేవుడున్నాడనడానికి రుజువుగా రాయకూడదు. వాళ్ళ నమ్మకం మనకు నచ్చలేదని ఆ సేవను కొట్టేయనూ కూడదు. ఈ తేడా చూడనివాళ్ళు ఎంతదూరం పోతారో మా పక్కనున్న ఒడిశాలో తెలిసింది. బారిపదలో కుష్టు ఆశ్రమం నడిపిన గ్రాహం స్టెయిన్స్‌ను మతమార్పిడి ఆరోపణతో 1999 జనవరిలో సజీవ దహనం చేశారు. ఇద్దరు చిన్న కొడుకులనూ వదల్లేదు.

మరి రోగం నయమయ్యేది దేనివల్ల? పూర్వజన్మ పాపమనీ దేవుడి శాపమనీ అనుకున్న జబ్బుకు బాక్టీరియా కారణమని 1873లో నార్వే డాక్టర్ హాన్సెన్ కనిపెట్టాడు. 1940లలో సల్ఫోన్ మందులు వచ్చాయి. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎం.డి.టి. అనే మిశ్రమ మందుల చికిత్సను సిఫారసు చేసింది. ఈ జమ సైన్సుది. ప్రార్థనకు ఇందులో వాటా లేదు.

మందు వచ్చినా పాపమనే భావం పోలేదు. భార్యకో భర్తకో కుష్టు ఉందని విడాకులు కోరే వీలు మన చట్టాల్లో 2019 దాకా ఉంది. ప్రపంచంలో ఏటా బయటపడే కొత్త కేసుల్లో సగానికి పైగా మన దేశంలోవే. నలుగురూ ఏమంటారోనని స్పర్శ లేని మచ్చను దాచిపెడితే నరాలు దెబ్బతిని వేళ్ళు వంకర పోతాయి.

ఇంతకీ మన పద్దులో ఏముంది? గాల్లోంచి విభూతి తీసే బాబాల గుట్టు విప్పడానికి ఊరూరా తిరుగుతాం. మంచిదే. "ఇది శాపం కాదు, మచ్చ చూపించు, మందు ఉచితం" అని చెప్పడానికి ఎన్ని ఊళ్ళు తిరిగాం? మిషనరీని విమర్శించే హక్కు మనకుంది. ముందు ఈ లెక్క చెబుదాం.