కొన్న సరుకు, నేర్చిన విద్య

గత మాసము మన సంఘ కార్యవర్గ సమావేశమునందు ఒక చిన్న విషయముపై పెద్ద చర్చ జరిగినది. ఉన్నత పాఠశాలలలో చదువుచున్న మన బాలబాలికలను నలువదిమందిని ఒక బస్సులో శ్రీహరికోటకు తీసికొనిపోయి, రాకెట్టు ప్రయోగమును చూపించి తీసికొని రావలెనని యువకులు కొందఱు కోరిరి. అప్పుడు మాకు గౌరవపాత్రులైన పెద్దలొకరు లేచి, “తమ్ముడా, రాకెట్టు సర్కారుది. దానిలో పోవు ఉపగ్రహము ఐరోపావారిది. నడుమ మనకేమి? ఆ డబ్బుతో ఉగాదినాడు నూఱుమందికి విందు చేయవచ్చును గదా!” అనిరి. పలువురు తల యూపిరి. తీర్మానము వాయిదా పడినది.

పెద్దల మాటను త్రోసివేయుట మా అభిమతము గాదు. సంఘపు సొమ్ము విషయమున అడుగవలసిన ప్రశ్ననే వారడిగిరి. మేమును వ్యాపారులమే, మూడు తరములుగా ఈ వాడిపట్టి అంగడివీధిలో తక్కెడ పట్టినవారము. రూపాయి పోయినచో ఏమి వచ్చునని విచారింపక గల్లాపెట్టె తెఱచుట మాకలవాటు లేదు. కాని లెక్క చూచిన పిమ్మట మాకు తోచినదేమనగా, ఈ ఖర్చు వృథా ఖర్చు గాదు. కారణములు మనవి చేసికొందుము.

మొదట ఆ “ఐరోపావారి ఉపగ్రహము” సంగతి. 2024 డిసెంబరు 5వ తేదీ సాయంకాలము 4 గంటల 4 నిమిషములకు శ్రీహరికోటనుండి పి.ఎస్.ఎల్.వి.-సి59 అను రాకెట్టు లేచి, ప్రోబా-3 అను జంట ఉపగ్రహములను ఆకాశమునకు గొనిపోయినది. అవి ఐరోపా అంతరిక్ష సంస్థవారివి. రెండును కలిసి సుమారు 550 కిలోల బరువు. సూర్యుని చుట్టును కిరీటమువలె వ్యాపించియుండు పలుచని కాంతిని మామూలుగా సంపూర్ణ గ్రహణ సమయముననే చూడ వీలగును. అదియు కొలది నిమిషములు మాత్రమే. ఈ జంటలో ఒకటి 1.4 మీటర్ల వెడల్పుగల బిళ్లను అడ్డుపెట్టి సూర్యబింబమును మఱుగుపఱచును. రెండవది 150 మీటర్ల వెనుక ఆ నీడలో నిలిచి కిరీటమును చిత్రించును. ఆ నిలుకడలో మిల్లీమీటరు తేడా వచ్చినను పని చెడును. భూమిని ఒకసారి చుట్టివచ్చునంతలో ఆరు గంటల వఱకు ఇట్లు గ్రహణము కల్పించుటకై వీనిని నిర్మించిరి. మొదటి చిత్రములు 2025 జూనులో వెలువడినవి.

సూర్యుని ఉపరితలము సుమారు 5,500 డిగ్రీల వేడి గలది. దాని మీది కిరీటము పది లక్షల డిగ్రీలకు మించిన వేడి గలది. పొయ్యికంటె పొయ్యి మీది గాలి హెచ్చు వేడిగా నుండుటవంటిది ఇది. దీని కారణమును పండితులు ఇంకను వెదకుచున్నారు. గ్రహణమునాడు తలుపులు మూసి ఊరగాయ జాడీలపై దర్భలు వేయు అవ్వల మనుమలు, గ్రహణమునే చేసి చూపు యంత్రములు మన తెలుగు గడ్డనుండి లేచినవని యెఱుగుట మంచిది కాదా?

అయినను ఆశ్చర్యపడుటకై బస్సు కట్టుడని మేమడుగుట లేదు. ఇందు మనకు కావలసిన పాఠము వేఱొకటి యున్నది. అది ఐరోపావారికిని మన దేశమునకును ఐదు పదుల యేండ్లుగా నడచుచున్న ఇచ్చిపుచ్చుకొనుటలో నున్నది.

ఐరోపావారును మొదటినుండి ఘనులు గారు. 1960వ దశకమున వారు యూరోపా అను రాకెట్టును నిర్మింపబూనిరి. మొదటి అంతస్తు బ్రిటనువారిది, రెండవది ఫ్రాన్సువారిది, మూడవది జర్మనులది. ఎవరి భాగమును వారు తమ దేశములో చేసికొని వచ్చి చేర్చిరి. మొత్తమునకు బాధ్యుడైన పెద్ద యొకడు లేడు. ఫలితము, 1971 వఱకు ప్రయత్నించియు ఆ రాకెట్టు ఒక్క ఉపగ్రహమునైనను కక్ష్యలో నిలుపలేదు. ఉమ్మడి కుటుంబములో వంటకు మువ్వురు కోడండ్రు మూడు పొయ్యిలు పెట్టినట్లయినది. అప్పుడు బుద్ధి తెచ్చుకొని, 1973లో ఫ్రాన్సు పెద్దఱికమున ఏరియన్ అను రాకెట్టునకు పూనుకొనిరి. 1975లో పది దేశములు కలిసి ఐరోపా అంతరిక్ష సంస్థను స్థాపించినవి. 1979 డిసెంబరు 24న దక్షిణ అమెరికాలోని కురూ అనుచోటనుండి మొదటి ఏరియన్ లేచి జయము పొందినది. ఇప్పుడా సంస్థలో 23 దేశములున్నవి. వారి భాషలు వేఱు, పని యొకటి.

ఆ కాలముననే వారు, “మా రాకెట్టు ఇంకను పరీక్షలో నున్నది, నమ్మి ఎక్కించువారికి కూలి లేదు” అని లోకమునకు తెలిపిరి. మన దేశము ఆ అవకాశమును పట్టుకొని, ఆపిల్ అను 670 కిలోల ఉపగ్రహమును సిద్ధపఱచినది. దాని నిర్మాణమునకు ఆర్.ఎం. వాసగం గారు నాయకులు. పరీక్షకై లోహపు లారీపై ఎక్కించిన అలలు చెదరునని, దానిని ఎద్దుబండిపై నిలిపిరి. ఆ చాయాచిత్రమును చూచి నవ్వినవారు కొందఱు. సోళవందాను తమలపాకు మోపులను బండ్లపై సంతకు తోలిన వంశములవారము మనము. మనకు నవ్వు రాదు. పనికి ఏది సరియో దానినే వాడువాడు పనివాడు. 1980 మేలో రెండవ ఏరియన్ ఇంజను లోపముచే సముద్రమున పడినను మనవారు వెనుదీయలేదు. 1981 జూన్ 19న మూడవ ఏరియన్ ఆపిల్‌ను క్షేమముగా మోసికొనిపోయినది. ఒక సౌరఫలకము విచ్చుకొనకపోయినను, ఆ ఉపగ్రహము రెండేండ్లకు పైగా పనిచేసినది.

ఇక అసలు విషయమునకు వచ్చుచున్నాము. ఏరియన్ రాకెట్టు అడుగున వైకింగ్ అను ఇంజనుండెడిది. ద్రవ ఇంధనముతో నడచు అట్టి పెద్ద ఇంజను మన దేశమున అప్పుడు లేదు. డబ్బిచ్చి కొనుటకు డబ్బును విస్తారముగా లేదు. 1974లో ఫ్రాన్సు సంస్థతో ఒక ఒప్పందము కుదిరినది. మన ఇంజనీర్లు ఫ్రాన్సుకు పోయి వారి ఏరియన్ నిర్మాణమున పనిచేయవలెను. ఒక మనిషి ఒక సంవత్సరము చేయు పనిని ఒకటిగా లెక్కించినచో, అట్టివి సుమారు నూఱు. అందులకు బదులు వారు ఇంజను విద్యను మనకీయవలెను. నంబి నారాయణన్ గారి నాయకత్వమున మనవారు వెర్నోను అను ఊర నుండి, పగలు వారి పని చేయుచు, ఆ పనిలోనే విద్యను గ్రహించిరి. స్వదేశమునకు వచ్చి చేసిన ఇంజనును 1985లో ఆ వెర్నోనుకే గొనిపోయి మండించి చూపిరి. దాని పేరు వికాస్. సుమారు 80 టన్నుల బరువును పైకెత్తగల తోపుడు దానిది. పి.ఎస్.ఎల్.వి. రెండవ అంతస్తున నుండునది అదియే. 2023లో చంద్రయానము-3ను మోసిన పెద్ద రాకెట్టునందు రెండు వికాస్ ఇంజనులు కలవు. ప్రోబా-3ను పైకి మోసినదియు ఆ వికాసే. అనగా ఐరోపావారు నేర్పిన విద్య, యాబదేండ్లకు, ఐరోపావారి సరుకునే మోసినది!

ఈ పద్ధతి మనకు క్రొత్తది గాదు. మన తాతలనాడు పిల్లవానిని అంగడిలో చేర్చునప్పుడు జీతము మాటాడువారు గారు. వాడు ముందు ఊడ్చును, పిమ్మట మూటలు విప్పును, పిమ్మట తూచును. నాలుగేండ్లకు చిట్టా వ్రాయుట నేర్చి వేఱుగా అంగడి పెట్టుకొనును. కొన్న సరుకు అమ్మిన దినముననే తీఱిపోవును. నేర్చిన విద్య మనుమల వఱకు వచ్చును. డబ్బు గలవాడు ఇంజను కొనుక్కొని పోవును. శ్రమ మాత్రమే గలవాడు శ్రమ నిచ్చి విద్య తెచ్చుకొనవలెను. మనవంటి వారికి తెఱచియున్న దారి ఇది యొక్కటే.

ఇరువైపుల ఖాతా చూడుడు. 1999లో మన రాకెట్టు ఒక చిన్న జర్మను ఉపగ్రహమును మోసినది. 2001 అక్టోబరు 22న ఐరోపా సంస్థవారి మొదటి ప్రోబాను మోసినది. 2007లో ఇటలీవారి ఏజిలే, 2012లో ఫ్రాన్సునుండి వచ్చిన 720 కిలోల స్పాట్-6 ఇచ్చటినుండియే పోయినవి. 2022, 2023 సంవత్సరములలో లండను కంపెనీయైన వన్‌వెబ్ వారి 72 ఉపగ్రహములు రెండు విడతలుగా లేచినవి.

అయితే జమ మాత్రము చదివి ఖర్చు దాచువాడు మంచి వ్యాపారి గాడు. ఇరువదికి పైగా మన పెద్ద ఉపగ్రహములు ఏరియన్ పైననే పోయినవి. 2018లో 5,854 కిలోల జీశాట్-11ను మన రాకెట్టు మోయలేక కురూకు పంపవలసివచ్చినది. 1993లో మొదటి పి.ఎస్.ఎల్.వి. పడిపోయినది, ఎన్నో జయముల పిమ్మట, 2025 మే 18న మూడవ అంతస్తు లోపముచే మరల ఒకటి తప్పినది. ఇంకొక ఋణమును గూడ మఱువరాదు. పులికాట్ సరస్సునకును సముద్రమునకును నడుమనున్న ఆ దీవియందు రాకెట్లకు ముందు యానాదులుండిరి. కేంద్రమునకై వారిలో ఎందఱో తమ అడవిని విడువవలసివచ్చినది. పిల్లలకు చెప్పునప్పుడు ఇవియన్నియు చెప్పవలెను.

“సరే, ఇదంతయు పండితుల వ్యవహారము, వాడిపట్టి పిల్లలకేమి?” అందురా? దూరమని తలచుచున్నది మన దాపుననే యున్నది. వికాస్ ఇంజనులను మండించి పరీక్షించు మహేంద్రగిరి తిరునెల్వేలి జిల్లాలోనిదే. తిరుచ్చెందూరు దాపున కులశేఖరపట్టణమున రెండవ ప్రయోగ కేంద్రమునకు 2024 ఫిబ్రవరి 28న శంకుస్థాపన జరిగినది. శ్రీహరికోటనుండి దక్షిణముగా పోవు రాకెట్టు సింహళమును తప్పించుకొనుటకై వంకరగా తిరుగవలెను; కులశేఖరపట్టణమునుండి తిన్నగా పోవచ్చును. చిన్న రాకెట్లకిది గొప్ప లాభము. అచ్చట ఇంజనీర్లే గాదు. అతుకువారు, తీగపనివారు, కొలతలు చూచువారు, లెక్కలు వ్రాయువారు, సామగ్రి అందించువారు, అందఱును కావలెను. రేపు ఆ పనులు వచ్చినప్పుడు మన పిల్లలు గేటు బయట టీకొట్టు పెట్టుకొందురా, లోపల పనిముట్టు పట్టుకొందురా అనునదే ప్రశ్న. టీకొట్టును మేము తక్కువ చేయుట లేదు. అది ఒక్కటే దారి కారాదని మా మాట.

ఇట్టి విద్య మనవారికి ఒంటదని అనువారు కోయంబత్తూరువైపు చూతురు గాక. కలంగల్ గ్రామమున 1893లో పుట్టిన జి.డి. నాయుడు గారు మనవంటి పాత తెలుగు కుటుంబమువారే. పాఠశాల చదువు వారికి కొలదియే. మోటారు సైకిలును విప్పి, మరల కూర్చి, యంత్రవిద్య నేర్చిరి. 1920లో పొల్లాచి-పళని దారిన ఒక బస్సుతో ఆరంభించిరి, ఐరోపా తిరిగివచ్చిరి, దేశమున తయారైన మొదటి ఎలక్ట్రిక్ మోటారు 1937లో వారి పూనికతోనే వెలసినదని చెప్పుదురు. వారు పరదేశమునుండి తెచ్చినది సరుకు మాత్రమే యైనచో, నేడు కోయంబత్తూరు మోటార్ల ఊరై యుండునా?

ఇంకొక మాట. మన పిల్లలు ఇంట తెలుగు పలుకుదురు. తెలుగు అక్షరము చూచిన చదువలేరు. సూళ్లూరుపేటలో బస్సు దిగినంతనే అంగడి బోర్డులన్నియు తెలుగున నుండును. తాము పలుకు మాటకు రూపమున్నదని, ఆ రూపము రాకెట్టు లేచు ఊరి గోడలపై నున్నదని వారు కన్నులార చూతురు. మా ఉపన్యాసములు పదింటికంటె ఆ యొక్క వీధి మేలు చేయును.

కావున మా సూచనలు ఇవి. ప్రయాణమునకు ముందు ఆరు ఆదివారములు సంఘ భవనమున, రాకెట్టు ఏల లేచును, ఉపగ్రహము ఏల పడదు అనునవి సులభమైన తెలుగున బోధింపవలెను. మన ఇండ్లలోని ఉపాధ్యాయులే చాలుదురు. 2019 నుండి శ్రీహరికోటలో సామాన్యులు ప్రయోగమును చూచుటకు గ్యాలరీ యున్నది గావున, ముందుగా పేర్లు నమోదు చేయించి పోవలెను. తిరిగివచ్చిన ప్రతి బాలుడును, బాలికయు చూచినదానిని ఒక పుటలో తెలుగున వ్రాయవలెను. అక్షరములు రానివారు పెద్దలచే వ్రాయించి తాము సంతకమైనను తెలుగున చేయవలెను. మేలైనవానిని ఈ పత్రికలోనే అచ్చువేయుదము. తుదకు, పదవ తరగతి ముగించి పాలిటెక్నిక్కులోగాని, ఐ.టి.ఐ.లోగాని చేరు ఇద్దఱు పిల్లలకు ప్రతి యేడును ఫీజు సంఘము భరింపవలెను.

“పోయిననాడు ప్రయోగము వాయిదాపడినచో ఖర్చు గంగపాలు గదా!” అని గూడ సభలో ఒకరనిరి. పడవచ్చును. ప్రోబా-3యే ఉపగ్రహమునందు లోపము కనబడి ఒక దినము ఆగినది. కోట్ల సొమ్ము పెట్టినవారు ఒక చిన్న అనుమానమునకై చేయి వెనుకకు తీసికొని, సరిచూచి, మఱునాడు పంపిరి. పిల్లలు దానిని చూచినను పాఠమే. తూకము సరిగా లేనప్పుడు తక్కెడ దించి మరల ఎత్తుట మనకు తెలియని ధర్మమా?

ఉగాది విందును మానుమని మేము చెప్పుట లేదు. విందు విందే. ఈ యేడు రెండు పిండివంటలు తగ్గించి ఒక బస్సు కట్టుదము. బస్సు అద్దెలో సగము మా అంగడి భరించును. తక్కిన సగమునకు వచ్చే సమావేశమున చందా పుస్తకము తెఱచెదము. ప్రశ్న అడిగిన పెద్దలే మొదటి పంక్తిలో తమ పేరు వ్రాసి, పిల్లలతో ముందు సీటులో కూర్చుండి రావలెనని మా విన్నపము.